ఏడు కెమెరాలు, ఉన్నదున్నట్టు

గ్రేడింగ్ బల్ల, రెండో అంతస్తు
జూన్ 6

ప్రియమైన మావయ్యకి,

నన్ను ప్యాకింగ్‌లోంచి తీసి గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మా కంపెనీకి ఏ పాత కెమెరా వచ్చినా ఇక నా భూతద్దం కిందనుంచే దుకాణంలోకి వెళ్ళాలి. దాని మొహాన అది ఎంత పాతదో, ఎంత నలిగిందో చీటీ రాసి అంటించడం నా ఉద్యోగం. అమ్మ సంతోషించింది. నువ్వు నవ్వుతావని నాకు తెలుసు, నవ్వడానికి సరుకు నేనే పంపిస్తున్నాను.

గ్రేడులు అయిదు. ‘కొత్తలాంటిది’ అంటే ఎవరో ఆశపడి కొనుక్కుని, వాడడం చేతకాక బీరువాలో పడేసినది. ‘చాలా బాగుంది’ అంటే మెడలో వేసుకుని ఊరంతా తిరిగాడు గానీ ఫొటోలు తియ్యలేదు. ‘బాగుంది’ అంటే మూలల్లో నల్లరంగు పోయి ఇత్తడి కనిపిస్తుంది, కానీ శుభ్రంగా పనిచేస్తుంది. నన్నడిగితే తెలివైనవాడు కొనాల్సింది ఇదే, కానీ తెలివైనవాళ్ళు నన్ను అడగరు, తక్కినవాళ్ళు ఎలాగూ అడగరు. ‘పర్వాలేదు’ అంటే పర్వా ఉంది. ఇక చివరిది ‘ఉన్నదున్నట్టు’. దానర్థం: మేం పరీక్షించలేదు, లేదా పరీక్షించి భయపడ్డాం. కొన్నాక వెనక్కి తీసుకోం, వచ్చి మా ముందు ఏడవొద్దు.

నిన్న ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. గోడ మీద అయిదు గ్రేడులూ పైనుంచి కిందికి చదివి, “మిగతా నాలుగూ పొగడ్తలమ్మా, ఇదొక్కటే నిజాయితీగా ఉంది,” అని ఉన్నదున్నట్టు అరలోంచి షట్టర్ బిగుసుకుపోయిన కెమెరా ఒకటి ఏరుకున్నాడు. ఉన్నదున్నట్టు అంటే ఉన్న నిజం చెప్పారనుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు మా అమ్మకాలవాడు బిల్లు కొట్టేశాడు. ఈ గ్రేడుకి ఆ పేరు పెట్టినవాణ్ణి ఒకసారి చూడాలని ఉంది.

నువ్వు నేర్పినట్టే నేను మాత్రం ముందు కెమెరా తిరగేసి అడుగు రేకు స్క్రూలు చూస్తున్నాను. పై మెరుగు ఎవడైనా పెడతాడు, స్క్రూ తల చెదిరిందంటే మాత్రం ఎవడో చేతకానివాడు లోపల చెయ్యి పెట్టాడని అర్థం. ఇక్కడ ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే గర్వంగా ఉంది.

ఇంకో మాట. మా మరమ్మతులన్నీ ఏడాదిపాటు ఒకే మెకానిక్‌కి అప్పజెప్పాలని యజమాని చూస్తున్నాడు. జాబితాలో బొంగరం పేరుంది. నీ దగ్గర తొమ్మిదేళ్ళు చేసి, రెండు వీధుల అవతల సొంత కొట్టు పెట్టుకున్నాడే, ఆ బొంగరమే. నువ్వు ఏమంటావ్?

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ భూతద్దం


మెట్ల కింది కొట్టు
జూన్ 19

భూతద్దానికి,

అక్షరాలు చూసి కంగారు పడకు, ఇవి మీ అత్తయ్యవి. కళ్ళజోడు అద్దాలు మార్చమని ఇచ్చాను, ఆ కొట్టువాడు అద్దాలతో పాటు తనూ మాయమైనట్టున్నాడు. నేను చెబుతున్నాను, ఆవిడ రాస్తోంది.

పాత కెమెరాలకి మార్కులు వేసే ఉద్యోగం ఒకటి ఉంటుందని ఈ వయసులో తెలిసింది. ముప్పై నాలుగేళ్ళుగా కెమెరాలు విప్పుతున్నాను, ఒక్కదానికీ మార్కులు వెయ్యలేదు. పనిచేసేది, పనిచెయ్యనిది, పనిచేస్తున్నట్టు నటించేది. ఇంతకు మించి నాలుగో రకం నేను చూడలేదు. ‘కొత్తలాంటిది’ ఏమిటే? కొత్తదైనా కావాలి, పాతదైనా కావాలి. ఎవరైనా నిన్ను మనిషిలాంటిది అంటే ఊరుకుంటావా? మీ గోడ మీద ఆ పట్టిక రాసినవాడు జీవితంలో ఒక్క షట్టర్ విప్పి ఉండడు. విప్పినా, మళ్ళీ బిగించాక రెండు ముక్కలు బల్ల మీద మిగిలి ఉంటాయి.

ఆ లెక్కల మాస్టారి మీద జాలి పడకు. లెక్కలు వచ్చినవాడికి మాటలు కూడా వస్తాయని ఎవరు చెప్పారు?

స్క్రూ తలల సంగతి నీకు చిన్నప్పుడు ఏదో సరదాగా చెప్పాను. దాన్ని పట్టుకుని వేలాడకు. స్క్రూ పాతబడితే తల అరుగుతుంది, అందులో వింతేముంది? అద్దం చూడు. లెన్సులో టార్చి వేసి చూడు, బూజు ఉందేమో చూడు. కొనేవాడు ఫొటో అద్దంలోంచి తీస్తాడు గానీ అడుగు రేకులోంచి తియ్యడు.

బొంగరం గురించి నన్నెందుకు అడుగుతావ్? ఒకచోట అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోలేనివాడు. నిలబడి తింటాడు, నిలబడి పనిచేస్తాడు. మీ యజమానికి అతనే నచ్చితే నచ్చనీ, ఆయన ఖర్మ.

(కళ్ళజోడు అద్దాలు మార్చినవాడు మాయం కాలేదు. పదిరోజుల కిందే ఇచ్చేశాడు. ఈయన చెప్పినట్టు రాయమన్నారు, రాశాను. – అత్తయ్య)

ఆరోగ్యం చూసుకో.

మావయ్య


గ్రేడింగ్ బల్ల
జూలై 11

ప్రియమైన మావయ్యకి,

నువ్వు స్క్రూలు వదిలెయ్యమన్నావు. వదిలేద్దామనే అనుకున్నాను, కానీ ఈ వారం వచ్చిన సరుకు చూశాక నవ్వు ఆపుకోలేక రాస్తున్నాను.

మీ ఊరి డీలర్ ఒకడు మాకు ఏడు పాత కెమెరాలు పంపించాడు. బాగు చేయించినవే. ఎవరితో చేయించావయ్యా అంటే చెప్పడు, మంచి మెకానిక్ అంటాడు. సంచి విప్పి ఏడింటినీ గుడ్డ మీద బోర్లించాను. మావయ్యా, నువ్వు చూసి ఉండాల్సింది! ఒక్కో అడుగు రేకుకి ఆరేసి స్క్రూలు. ఆరుకి ఆరూ కొరికేసినట్టున్నాయి. స్క్రూడ్రైవర్ జారి రేకు మీద గీతలు, కొన్నిచోట్ల జారి మళ్ళీ పెట్టి మళ్ళీ జారి, ఒకే చోట మూడు గీతలు. చెంచాతో విప్పి ఉంటాడని మా ప్యాకింగ్ అమ్మాయి అంది. చెంచా అయితే ఇంకా నయంగా ఉండేదని నేనన్నాను. ఇలాంటివాణ్ణి కెమెరాల దగ్గరికి ఎవరు రానిచ్చారు? డబ్బా మూతలు తీసుకుంటూ బతకొచ్చు గదా!

దీనికి మించిన వినోదం ఇంకోటుంది. అంత చెడగొట్టి కూడా, ప్రతి స్క్రూ తల మీది గాడినీ నిలువుగా నిలబెట్టాడు. నలభై రెండూ నిలువే. నువ్వు చేసేవాడివి గుర్తుందా? గాడి నిలువుగా ఆగేదాకా ఆ రంధ్రంలోది ఈ రంధ్రంలో పెట్టి మార్చి మార్చి బిగించేవాడివి. “చూసేవాడికి మనం మళ్ళీ వచ్చి సర్దివెళ్ళామని తెలియాలి,” అనేవాడివి. మొహమంతా కోసుకుని పాపిడి మాత్రం తిన్నగా తీసుకున్నట్టుంది వీడి వ్యవహారం.

లోపల మాత్రం ఆశ్చర్యం. షట్టర్ వేగాలు మెషీన్ మీద పెట్టి చూశాను, ఏడింటిలో ఒక్కదానికీ తేడా లేదు. అంటే వీడికి తల ఉంది, చెయ్యి లేదు. కానీ మా నిబంధన నిబంధనే. చేతకానివాడు విప్పిన గుర్తులుంటే ఇక పరీక్షించి లాభం లేదు, నేరుగా ‘ఉన్నదున్నట్టు’. ఏడింటికీ అదే చీటీ అంటించాను.

గాడి నిలువుగా పెట్టే అలవాటు నీ కొట్టులో తప్ప నేనెక్కడా చూడలేదు. నీ దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. ఇది బొంగరం పనేనా?

నీ భూతద్దం


మెట్ల కింది కొట్టు
జూలై 24

భూతద్దానికి,

మీ అత్తయ్యే రాస్తోంది. కళ్ళజోడు కుదర్లేదు, మళ్ళీ ఇచ్చాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. బాగా వెక్కిరించావు. చెంచా మాట బాగుంది.

చేతకానివాణ్ణి చేతకానివాడనే అనాలి. అందులో నాకు మొహమాటం లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాని చెయ్యి ఈ పనికి పనికిరాదు, అది ఎవరి చెయ్యి అయినా సరే. లోపల వేగాలు సరిపోయాయని జాలిపడి గ్రేడు పెంచకు. అలాంటివాడు ఇంకా బల్ల దగ్గర కూర్చుంటున్నాడంటే వాడికి సిగ్గు లేదన్నమాట. నేనైతే ఆ ఏడూ వాడి మొహాన కొట్టి, ఇంటికి పోయి పడుకోమంటాను.

బొంగరం అయి ఉండొచ్చు. మొదట్నుంచీ వాడిది మొరటు చెయ్యే. తొమ్మిదేళ్ళు చెప్పాను, నొక్కకు, తిప్పు అని. వింటేనా? వాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడం నేను చేసిన పాపం. ఇప్పుడు గాడి నిలువుగా పెట్టి నా పరువు కూడా తీస్తున్నాడు.

(ఈ వాక్యాలు నేను రాయనన్నాను. ఈయన మూడుసార్లు చెప్పారు. మూడోసారి గొంతు పెంచారు. రాశాను గానీ నాకు ఇష్టం లేదు. – అత్తయ్య)

ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. నీకు జ్వరం తగ్గిందని మీ అమ్మ చెప్పింది, మందులు మానకు.

మావయ్య


గ్రేడింగ్ బల్ల
ఆగస్టు 17

ప్రియమైన మావయ్యకి,

నీ మాట పనిచేసింది. కాంట్రాక్టు బొంగరానికి ఇవ్వొద్దని యజమానికి చెప్పాను. ఎందుకన్నాడు. ఏడు కెమెరాలూ బల్ల మీద పెట్టాను. ఆయనకి స్క్రూ తెలియదు, గాడి తెలియదు, కానీ గీత కనిపిస్తుంది. మర్నాడే ఇంకో కంపెనీతో ఏడాదికి సంతకం పెట్టేశాడు.

మొన్న బొంగరం స్వయంగా వచ్చాడు. కాంట్రాక్టు దాదాపు ఖాయమని మావాళ్ళే అతనికి ముందు చెప్పారట. దాన్ని నమ్ముకుని పెద్ద గది అద్దెకి తీసుకున్నాడు, కొత్త బల్లలు చేయించాడు, బయటి పని వద్దని తిప్పి పంపాడు. ఏం తప్పు జరిగిందో చెప్పమన్నాడు. నేను మాటలు పెట్టుకోకుండా ఏడింటినీ గుడ్డ మీద బోర్లించి, “మీరే చూడండి,” అన్నాను.

జేబులోంచి తన భూతద్దం తీసి కంటికి పెట్టుకుని చూశాడు. ఒకటి, రెండు. మూడోది చూశాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బొంగరం కూర్చోవడం నేను అప్పుడే చూశాను. ఏడూ అయ్యేదాకా లేవలేదు.

“ఇది మీ పనేనా?” అని అడిగాను.

“మా కొట్టు పనేనమ్మా,” అన్నాడు.

“కొట్టు అడగలేదు. చెయ్యి ఎవరిది?”

“కొట్టు పేరు చెప్పాక మళ్ళీ చెయ్యి ఎందుకులెండి. రాసుకోండి, నాదే అని.”

నాకు ఒళ్ళు మండింది. చేసినవాడు తలొంచుకుంటాడనుకున్నాను, ఇతను నాకేదో దయ చేస్తున్నట్టు మాట్లాడాడు. అందుకే నీ ఉత్తరం తీసి ఆ వాక్యం చదివి వినిపించాను, స్క్రూడ్రైవర్ ఇవ్వడం నేను చేసిన పాపం అన్నది. అది అక్కర్లేదేమో. కానీ చదివాను.

“గురువుగారే అన్నారా?” అని అడిగాడు.

“అక్షరాలు అత్తయ్యవి. మాటలు మావయ్యవే.”

తల ఊపాడు. ఏడు కెమెరాలనీ ఒక్కొక్కటిగా తిరగేసి, మామూలుగా నిలబెట్టి, అద్దం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నమస్కారం కూడా పెట్టలేదు. ఆ మనిషికి ఇంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చింది మావయ్యా?

ఎందుకో మనసు కుదురుగా లేదు. నేను చేసింది సరైనదేనని ఒక్క ముక్క రాసి పంపు.

నీ భూతద్దం


ఇంటి నుంచి
ఆగస్టు 26

అమ్మాయ్,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది. చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, “ఇక మీ ఉత్తరాలు నేను రాయను,” అంది. నాలుగు రోజులుగా ఆ మాట తప్ప ఇంకో మాట లేదు.

ఆ ఏడు కెమెరాలూ నేను విప్పినవి. నలభై రెండు స్క్రూలూ నావే.

నా కుడి బొటనవేలికి స్పర్శ పోయి ఏడాది దాటింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని, చిన్న ఆపరేషన్‌తో పోతుందని డాక్టరు రెండేళ్ళ కిందే చెప్పాడు. ఊగుతున్న సొంత స్టూలు కాలు సరిచేసుకోలేనివాడు నా చెయ్యి సరిచేస్తాడా అని వెక్కిరించి వచ్చేశాను. ఇప్పుడు ఆలస్యమైందంటున్నాడు. స్టూలు మాత్రం బాగు చేయించుకున్నాడు.

స్క్రూడ్రైవర్ గాడిలో కూర్చుందో లేదో కన్ను చెప్పదు, బొటనవేలు చెబుతుంది. నా వేలు చెప్పడం మానేసింది. చొక్కా గుండీలు మీ అత్తయ్య పెడుతోంది. షట్టర్ చప్పుడు మాత్రం చెవికి తెలుస్తుంది కాబట్టి వేగాలు సరిపోయాయి. కొట్టుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. డీలర్ సంచితో తెచ్చిచ్చేవాడు, పేరు చెప్పొద్దన్నాను. నా పేరు మీద ఆ పని బయటికి పోకూడదని. అంటే ఆ పని ఎలా ఉందో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

నువ్వు వెక్కిరిస్తూ రాసినప్పుడు నేను కూడా వెక్కిరించాను. ఇంటికి పోయి పడుకోమన్నది నన్నే. అక్కడితో ఆగి ఉంటే నా ఏడుపు నేను ఏడ్చేవాణ్ణి. బొంగరం పేరు నువ్వు తెచ్చావు, నేను ఆ పేరు వెనక దాక్కున్నాను. కాదు అని ఒక్క మాట సరిపోయేది. అది రాయించలేదు. పైగా వాడి చెయ్యి మొరటన్నాను. అబద్ధం. వాడి చెయ్యి నా చెయ్యికంటే మెత్తన, వాడు వచ్చిన రెండో ఏడే అది నాకు తెలుసు. వాడు వెళ్ళిపోయి కొట్టు పెట్టుకుంటే నాకు మండింది అందుకే.

వాడు ఆ స్క్రూలు చూడగానే నన్ను గుర్తుపట్టాడు. నువ్వు నా దగ్గర పెరిగావు, నువ్వు పట్టలేదు. వాడు పట్టి కూడా చెప్పలేదు. నువ్వు నా మాట చదివి వినిపించాక కూడా చెప్పలేదు.

నువ్వు చేసింది సరైనది కాదు. చేయించింది నేను. మీ యజమాని దగ్గరికి వెళ్ళి నా పేరు చెప్పు. నా వయసు అరవై మూడు. ఇంత నీచమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

మావయ్య


క్యాప్‌లు, ఫిల్టర్ల గది, కింది అంతస్తు
సెప్టెంబరు 14

మావయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. అదే రోజు యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. కెమెరాలు చూసి మనుషులకి గ్రేడు వేసే అమ్మాయి తనకి అక్కర్లేదన్నాడు. ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ కిందికి పంపాడు. ఇక్కడ లెన్సు మూతలు సైజుల వారీగా ఏరుతున్నాను. పక్కనున్నామె రోజంతా వాటి మీద దుమ్ము ఊదుతూ ఉంటుంది, నా మొహం మీదికి. నాకు తగిన పనే.

కాంట్రాక్టు తిరిగి రాదు. సంతకమైపోయింది, వచ్చే ఏడు వరకూ ఎవరూ ఏమీ చెయ్యలేరు. దాన్ని నమ్ముకుని ఆయన తీసుకున్న పెద్ద గది, చేయించిన బల్లలు, తిప్పి పంపిన పని, అన్నీ అలాగే ఉన్నాయి. ఆయనకి నేను ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని ఆశించే మొహం నాకు లేదు.

మీరు చెడగొట్టిన స్క్రూలు నలభై రెండు. వాటికి కొత్తవి దొరుకుతాయి. నా కోపం స్క్రూల మీద కాదు. మీ చెయ్యి సంగతి చదివి నేను ఏడ్చాను. నాలుగేళ్ళ వయసు నుంచి మీ బల్ల పక్కన కూర్చుని చూసిన చెయ్యి అది. మీరు ఒక్క మాట ముందే చెప్పి ఉంటే నేను రైలెక్కి వచ్చి మీ గుండీలు పెట్టేదాన్ని. ఏడవడం అయిపోయింది, కోపం మాత్రం అలాగే ఉంది. మీరు పరువు కాపాడుకోవడానికి నన్ను వాడుకున్నారు. నేను ఎంత సరదాగా వాడబడ్డానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. చెంచా అన్నాను. పాపిడి అన్నాను. ఆయనకి వాక్యం చదివి వినిపించాను, గొంతులో రాగం కూడా తీశాను.

పైన కూర్చుని అయిదు గ్రేడులని వెక్కిరించాం మీరూ నేనూ. గోడ మీద ఆ పట్టిక రాసినవాడు కనీసం చూసినదానికి చీటీ రాశాడు. నేను చూడకుండానే రాశాను. మీరు చూసి కూడా అబద్ధం రాయించారు.

డీలర్ ఏడు కెమెరాలూ మీకే తిప్పి పంపిస్తున్నాడు. స్క్రూలు, అడుగు రేకులు మార్పించి ఇస్తే తీసుకుంటాడట. మీకు ఇక సంచి పంపనన్నాడు. మీరు వాటిని మళ్ళీ ముట్టుకోకండి.

ఇంకొక్కటి. నా ద్వారా ఆయనకి క్షమాపణ చెప్పించే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ కొట్టు మీకు రెండు వీధుల అవతలే.

అత్తయ్యకి నా నమస్కారాలు.

మీ మేనకోడలు


ఇంటి నుంచి
అక్టోబరు 3

అమ్మాయ్,

ఉత్తరమంతా ‘మీరు’ అని రాశావు. మీ అత్తయ్య చదువుతూ ఆ మాట వచ్చినప్పుడల్లా కాస్త ఆగి నా మొహం చూసింది. చూడనీ అనుకున్నాను.

నిన్న వెళ్ళాను. వారం పాటు ప్రతి పొద్దునా చొక్కా వేసుకోవడం, మెట్ల దాకా వెళ్ళి ఇంకేదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి రావడం. నిన్న మీ అత్తయ్య గుండీలు పెట్టి, ఆ ఏడు కెమెరాల సంచి చేతికిచ్చి, తలుపు వేసేసుకుంది.

కొత్త గది పెద్దది. మూడు బల్లలు. రెండింటి మీద ఇంకా కాగితం కూడా ఊడదీయలేదు. మూడో బల్ల దగ్గర తను నిలబడి పనిచేస్తున్నాడు. ముందు బల్ల దగ్గర ఒకావిడ కెమెరా పట్టీ ఏరుకుంటోంది. ఆవిడ వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్ళీ వెనక్కి వచ్చేస్తానని తెలుసు. అందుకని ఆవిడ ముందే చెప్పాను.

“నీ మీద అబద్ధం చెప్పాను. ఆ ఏడూ చెడగొట్టింది నేను.”

“తెలుసు,” అన్నాడు.

“నీ చెయ్యి గురించి అన్నది కూడా అబద్ధం.”

“అదీ తెలుసు.”

“నీ కాంట్రాక్టు నా వల్ల పోయింది.”

పట్టీ కొంటున్నావిడ పట్టీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ బేరం కూడా నా వల్ల పోయింది.

తిడతాడనుకుని వెళ్ళాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండునని వెళ్ళాను. తిట్టాక మనిషి కాస్త చల్లబడతాడు, చల్లబడ్డాక కూర్చోమంటాడు, టీ తెప్పిస్తాడు. దారి పొడుగునా ఈ లెక్కే వేసుకున్నాను. నీచుడికి కూడా ఆశ ఉంటుంది. “తిట్టు నాయనా,” అని పైకి అనేశాను కూడా. వినపడనట్టు సంచి తన వైపు లాక్కున్నాడు.

ఏడింటినీ తీసి బోర్లించాడు. నా కళ్ళ ముందే భూతద్దం పెట్టి ఒక్కొక్క స్క్రూ చూశాడు. రెండుచోట్ల తల పూర్తిగా పోయింది, డ్రిల్లు పెట్టి తియ్యాలన్నాడు. రేకులు అయిదు మార్చాలి, రెండు సాగుతాయి అన్నాడు. మాటలో వెటకారం లేదు, కోపం లేదు. తెలియనివాడు అడిగితే తెలిసినవాడు చెప్పినట్టు, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. స్క్రూ అంటే ఏమిటో నాకు వివరించాడమ్మాయ్.

నేను ఇటువైపు నిలబడ్డాను, వాడు అటువైపు. రసీదు పుస్తకం తీశాడు. తేదీ రాశాడు. ఏడు బాడీలు, నలభై రెండు స్క్రూలు, రేకులు అయిదు అని రాశాడు. తర్వాత కలం ఆపి, తలెత్తి నా మొహంలోకి చూశాడు.

“పేరేం రాయమంటారు సార్?”

తొమ్మిదేళ్ళు నా పేరున్న బోర్డు కింద నిలబడినవాడు. పొద్దున్నే వచ్చి ఆ బోర్డు తుడిచి గాని లోపలికి వచ్చేవాడు కాదు. ఆట పట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. కలం కాగితం మీద పెట్టుకుని, నేను చెప్పేదాకా మర్యాదగా ఆగాడు.

చెప్పాను. ఇంటిపేరు కూడా అడిగాడు. అదీ చెప్పాను.

మావయ్య